ఇంటి కరెంటు, వంట గ్యాసు: ఆదా ఎక్కడ చేయాలి?

ఈ దినము మనము మాట్లాడుకోబోయే విషయము ప్రతి నెలా మీ గుమ్మములోనికి వచ్చేదే. అదే కరెంటు బిల్లు. దానితో పాటు వంట గ్యాసు సంగతి కూడా కొంచెం చూద్దాము. "ఈ కార్యక్రమములో కరెంటు బిల్లు గొడవ ఏమిటండీ?" అని కొందరు అనుకోవచ్చు. నేను మీ ఇళ్ళకు వచ్చినప్పుడు, ప్రార్థన ముగిసి టీ గ్లాసు చేతికి అందిన తరువాత, మీరు నాతో చెప్పుకునే బాధలలో ఇది ఒకటి గనుక మాట్లాడుతున్నాను. వీలైతే లేచి వెళ్ళి పోయిన నెల బిల్లు తెచ్చుకోండి. పత్రికలో చదువుతున్నవారు ఒక పెన్సిలు కూడా దగ్గర పెట్టుకోండి.

ముందుగా ఒక ఇంటి సంగతి చెబుతాను. 2024 మే నెలలో ఖమ్మం వైపు ఒక ఊరికి వెళ్ళాను. ఎండ సంగతి మీకు తెలుసు. ఆ రాత్రి నేను బస చేసిన ఇంటిలో డెబ్బై ఏళ్ళు దాటిన తల్లి ఒకామె ఉన్నారు. సంఘములో చిన్నా పెద్దా అందరూ ఆమెను అమ్మమ్మగారు అనే పిలుస్తారు. కుమారుడు, కోడలు, ఇద్దరు పిల్లలు, ఈమె. రాత్రి పదకొండు దాటిన తరువాత మంచినీళ్ళకు లేచి చూస్తే, ఆ రేకుల గదిలో అమ్మమ్మగారు మంచము మీద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నారు. తలపైన ఫ్యాను ఉన్నది. ఆపి ఉన్నది.

"కరెంటు పోయిందా అమ్మా?" అని అడిగాను.

"లేదయ్యగారూ, నేనే ఆపాను. బిల్లు ఎక్కువ వస్తోందని అబ్బాయి బాధపడుతున్నాడు" అన్నారామె.

ఉదయము కుమారుడు బిల్లు చూపించాడు. 214 యూనిట్లు. వారికి తెల్ల రేషను కార్డు ఉన్నది. తెలంగాణలో 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. 200 దాటితే, దాటిన 14 యూనిట్లకు మాత్రమే కాదు, మొత్తము 214 యూనిట్లకూ కట్టాలి. అంతకు ముందు నెల సున్నా వచ్చిన ఇంటికి ఈసారి వెయ్యి రూపాయలు దాటి వచ్చింది. అందుకని ఆ తల్లి తన ఫ్యాను ఆపుకున్నది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. అదే రాత్రి నేను మళ్ళీ పడుకోబోతూ వాకిలి వైపు చూశాను. చూరు క్రింద ఒక బల్బు వెలుగుతున్నది. పసుపుపచ్చని వెలుగు, పాత రకము. క్రిస్మస్‌కు కాగితపు నక్షత్రములో పెట్టిన 60 వాట్ల బల్బు అది. పండుగ వెళ్ళిన తరువాత నక్షత్రమును దించి అటక మీద పెట్టారు, బల్బు మాత్రం అక్కడే ఉండిపోయింది. వాకిట్లో వెలుగు ఉంటే దొంగల భయము ఉండదని సాయంత్రము ఆరు నుండి ఉదయము ఆరు వరకు వేసి ఉంచుతున్నారు.

పెన్సిలు తీయండి. ఒక యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు ఒక గంట నడవడము. అంతే, ఇందులో ఇంకే రహస్యమూ లేదు. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. అమ్మమ్మగారి ఫ్యాను పాత రకము, 75 వాట్లు. రాత్రి 8 గంటలు తిరిగితే 0.6 యూనిట్. నెలకు 18 యూనిట్లు. వాకిట్లో బల్బు 60 వాట్లు, 12 గంటలు. రోజుకు 0.72 యూనిట్. నెలకు 21.6 యూనిట్లు. గమనించారా? మనిషికి గాలినిచ్చే ఫ్యాను కంటే వాకిట్లో బల్బే ఎక్కువ తింటున్నది. ఆ బల్బు తీసి అదే చోట 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, అంతే వెలుగుకు నెలకు 3.24 యూనిట్లు చాలు. ఆదా 18 యూనిట్ల పైమాట. ఆమె నెలంతా నిద్ర మానుకుని మిగిల్చేది సరిగ్గా అంతే.

ఆ ఇంటివారు తెలివితక్కువవారు కారు. మనమందరమూ అలాగే అనుకుంటాము. తిరిగేది, చప్పుడు చేసేది ఎక్కువ తింటుందని మన లెక్క. కదలకుండా ఒక మూల ఊరుకున్నది తినదని మన లెక్క. ఆ లెక్క తప్పినప్పుడు ఆదా చేసేది ఇంట్లో అందరికంటే బలహీనులే. ముసలివాళ్ళు ఫ్యాను ఆపుకుంటారు. పిల్లవాడు గుడ్డి వెలుగులో చదువుకుంటాడు. ఫ్రిజ్ వెనుకాల ఏమవుతున్నదో మాత్రం ఎవరూ చూడరు.

సరే, ఇప్పుడు బిల్లు చూడండి. యూనిట్ ధర అందరికీ ఒకటి కాదు, అన్ని యూనిట్లకూ ఒకటి కాదు. తెలంగాణలో 2022-23 రేట్ల పట్టిక ప్రకారము నెలకు 100 దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, తరువాతి 100 యూనిట్లు 4 రూపాయల 80 పైసల చొప్పున. సరిగ్గా 200 వాడితే 820 రూపాయలు. 201 వాడితే ఏమవుతుంది? మీరు వేరే తరగతిలోనికి వెళ్ళిపోతారు. మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసలు, ఆ పై ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తము 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు అన్నమాట! ఇది గృహజ్యోతి లేని ఇంటి లెక్క. ఆ పథకము ఉన్న ఇంటికైతే ఆ ఒక్క యూనిట్ వెయ్యి రూపాయల పైమాట. స్థిర చార్జీలు, కస్టమర్ చార్జీలు వేరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి గోతి లేదు, మెట్లున్నాయి. 2022-23 పట్టికలో మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు, 31 నుండి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆ పైన 9 రూపాయల 75 పైసలు. ఏ మెట్టు మీద వాడిన యూనిట్‌కు ఆ మెట్టు ధరే. 260 యూనిట్లు వాడిన ఇంటిని తీసుకోండి. కూడితే 1323 రూపాయల 25 పైసలు. అదే ఇల్లు 35 యూనిట్లు తగ్గించి 225 దగ్గర ఆగితే 306 రూపాయల 25 పైసలు మిగులుతాయి. యూనిట్లలో తగ్గినది నూటికి 13 మాత్రమే. డబ్బులో తగ్గినది నూటికి 23. ఎందుకంటే మీరు తగ్గించేది ఎప్పుడూ పై మెట్టునే, అందరికంటే ఖరీదైన యూనిట్లనే. ఇవి కాక ఇంధన సర్దుబాటు అని కూడా బిల్లులో పడుతుంది. యూనిట్లు తగ్గితే అదీ తగ్గుతుంది. రేట్లు మారుతుంటాయి గనుక మీ బిల్లు మీద అచ్చయినది చూచుకోండి. మీ ఇల్లు ఏ మెట్టు అంచున ఉన్నదో తెలిస్తే, ఎన్ని యూనిట్లు తగ్గించాలో తెలుస్తుంది. చాలా ఇళ్ళలో అది ఇరవై, ముప్పై యూనిట్లే.

అయితే ఆ ఇరవై ఎక్కడ ఉన్నాయి? దీనికి ఎలక్ట్రీషియన్ అక్కరలేదు. మీ గోడ మీద మీటరే చెబుతుంది.

మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపము మినుకుమినుకుమంటూ ఉంటుంది. చాలామంది దానిని మీటరు పనిచేస్తున్నదనే గుర్తు అనుకుంటారు. అది అంతకంటే ఎక్కువే. దాని ప్రక్కన 3200 అనో 1600 అనో, మరొక అంకో వ్రాసి ఉంటుంది. ఆ దీపము అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్లు. మీ మీటరు మీద 3200 ఉన్నదనుకుందాము. ఇంట్లో అన్నీ ఆపి, ఒక ఫ్యాను మాత్రము వేయండి. ఒక మెరుపు నుండి మరొక మెరుపు వరకు ఎన్ని సెకన్లో గడియారములో చూడండి. 1125ను ఆ సెకన్లతో భాగించండి. 15 సెకన్లు పడితే ఆ ఫ్యాను 75 వాట్లు తింటున్నది. మీటరు మీద 1600 ఉంటే 1125కు బదులు 2250 తీసుకోండి. పదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో ఈ పని వారికి అప్పగించండి. సంతోషముగా చేస్తారు. ఇల్లంతా తిరిగి ఒక్కొక్క వస్తువూ కొలిచి కాగితము మీద వ్రాసి పెడతారు.

మరొక పరీక్ష. మెయిన్ స్విచ్ ఆపండి. ఆ ఎర్ర మినుకు ఆగిపోవాలి. కొన్ని నిమిషాలు చూచినా మెరుస్తూనే ఉంటే, మీటరుకూ మెయిన్ స్విచ్చుకూ మధ్య ఎక్కడో కరెంటు పోతున్నది. మీరు చేయి పెట్టవద్దు, లైన్‌మన్‌ను పిలవండి. మెయిన్ ఆపితే ఆగిపోయి, మెయిన్ వేసి లోపల అన్నీ ఆపినా మళ్ళీ మెరుస్తుంటే, ఇంటిలోపల ఏదో ఒకటి మీకు తెలియకుండా నడుస్తున్నట్టు. ఎక్కువగా అది టీవీ దగ్గరి సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపితే తెర ఆరిపోతుంది గాని పెట్టె ఆగదు. రాత్రి చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనము మీ డబ్బే. 10 వాట్లు తినే పెట్టె నెలంతా గోడ స్విచ్ ఆపకుండా ఉంటే 7 యూనిట్లు. ఒక్కోసారి తడి గోడలో తీగె కారుతూ ఉంటుంది. అది డబ్బు నష్టము కంటే ముందు ప్రాణాపాయము. తెలిసిన పనివాని చేత చూపించండి.

ఇక వస్తువుల సంగతి. ఒక్క గుర్తు పెట్టుకోండి. వేడి చేసేవీ, చల్లబరిచేవీ తినేంతగా ఇంట్లో ఇంకేవీ తినవు. వెలుగునిచ్చేవి, మాట్లాడేవి చాలా తక్కువ తింటాయి. ఎల్‌ఈడీ బల్బులు వచ్చిన తరువాత పిల్లలను "లైటు ఆపు, లైటు ఆపు" అని తిట్టడములో పెద్ద లాభము లేదు. ఆపమనండి, మంచి అలవాటే. కాని 9 వాట్ల బల్బు పది గంటలు వెలిగినా 0.09 యూనిట్. గీజరు మరచిపోతే పది నిమిషాలలో దానికి మూడింతలు పోతుంది.

గీజరు మాటే చూద్దాము. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.61 యూనిట్ కావాలి. 2000 వాట్ల గీజరుకు అది ఇరవై నిమిషాల లోపు పని. ఉదయము నాలుగున్నరకు వేసి ఆరింటి వరకు ఉంచితే, వేడెక్కిన నీళ్ళు చల్లారుతూ ఉంటాయి, గీజరు మళ్ళీ మళ్ళీ వేడి చేస్తూ ఉంటుంది. స్నానానికి అరగంట ముందు వేసి, లోపలికి వెళ్ళేముందు ఆపండి. ఒకరి తరువాత ఒకరు వరుసగా స్నానాలు కానివ్వండి. బకెట్‌లో హీటరు పెట్టేవారు ప్లగ్గు తీసిన తరువాతనే నీళ్ళలో వేలు పెట్టండి. ఈ ఒక్క మాట మరచిపోవద్దు.

ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు. మన ఇళ్ళలో శనివారము రాత్రి ఏమి జరుగుతుందో నాకు తెలుసు. ఆదివారపు తెల్లచొక్కాలు, చీరలు, పిల్లల గౌన్లు. అలా ఒకేసారి చేయడమే మంచిది. వారములో రోజుకొక చొక్కాకు పెట్టె వేడి చేస్తే, ప్రతిసారీ పెట్టెను వేడెక్కించిన ఖర్చు వృథా. ముందు మందపు బట్టలు చేసి, స్విచ్ ఆపిన తరువాత మిగిలిన వేడితో చేతిరుమాళ్ళు, పైటలు చేసుకోవచ్చు.

ఫ్రిజ్ గూర్చి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది రాత్రింబగళ్ళు సంవత్సరమంతా ఉంటుంది. దాని మీద నక్షత్రాల చీటీలో ఏడాదికి ఎన్ని యూనిట్లో వ్రాసి ఉంటుంది. కొనేటప్పుడు నక్షత్రాల కంటే ముందు ఆ అంకె చూడండి. నక్షత్రాల కొలత కొన్ని సంవత్సరాలకొకసారి కఠినము చేస్తుంటారు గనుక, పాత ఐదు నక్షత్రాలు నేటి ఐదు నక్షత్రాలు కావు. ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌కు ఒక కాగితము పరీక్ష చేయండి. తలుపులో ఒక నోటు కాగితము పెట్టి మూయండి. లాగితే సులువుగా జారి వచ్చేస్తే, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పాడైపోయింది. చల్లదనము పగలూ రాత్రీ కారిపోతున్నది, లోపలి యంత్రము ఆగకుండా తిరుగుతున్నది. ఆ రబ్బరు మార్చడము పెద్ద ఖర్చు కాదు. గోడకు ఆనించకుండా వెనుక జానెడు చోటు వదలండి. ఒంటి తలుపు ఫ్రిజ్ అయితే పైన మంచు వ్రేలి మందము కాకముందే కరిగించండి. పొగలు కక్కే కూర లోపల పెట్టవద్దు. అది చల్లారడానికి గదిలో గాలి ఉచితముగా పనిచేస్తుంది.

ఏసీ ఉన్నవారికి రెండు మాటలు. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడము భ్రమ. మామూలు ఏసీ ఎక్కడ పెట్టినా ఒకే వేగముతో చల్లబరుస్తుంది. 18 అంటే ఎక్కువసేపు ఆగకుండా నడుస్తుంది, అంతే. 2020 జనవరి నుండి మన దేశములో అమ్మే ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమము పెట్టారు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే నూటికి ఆరు వంతుల కరెంటు తగ్గుతుందని విద్యుత్ పొదుపు సంస్థ లెక్క. 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి, హాయిగా ఉంటుంది. కూలర్ ఉన్నవారు కిటికీ తెరిచి ఉంచాలి. మూసిన గదిలో కూలర్ పెడితే తేమ నిండి ఉక్కపోస్తుంది. అందుకే ఖమ్మం, కరీంనగర్ వంటి పొడి ఎండ ఉన్న చోట కూలర్ బాగా పనిచేస్తుంది, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరములో చేయదు.

మన ఇళ్ళలో ఫ్యాను ఏసీ వంటిది కాదు, అందరికీ ఉన్నది, ఎక్కువ గంటలు తిరిగేది. బీఎల్‌డీసీ అని కొత్త రకము వచ్చింది. అది 30 వాట్ల ప్రాంతములో అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగే చోట పాతది తీసి ఇది పెడితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ధర ఎక్కువే. అందుకని అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు. ఇంట్లో ఎక్కువ గంటలు ఏ ఫ్యాను తిరుగుతుందో అదొక్కటి మార్చండి. చుట్టాలు వస్తేనే వేసే ముందుగది ఫ్యాను మార్చితే లాభము లేదు. 2023 జనవరి నుండి సీలింగ్ ఫ్యానులకూ నక్షత్రాల చీటీ తప్పనిసరి చేశారు గనుక, చూచి కొనడము ఇప్పుడు సులభము.

సహోదరీలారా, ఇప్పుడు వంటగది. మీకు నేను వంట నేర్పలేను. కాని మంట ఎక్కడికి పోతున్నదో చెప్పగలను. నీళ్ళు మరగడము మొదలైన తరువాత మీరు ఎంత పెద్ద మంట పెట్టినా ఆ గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. ఎక్కువైన మంట అంతా ఆవిరిగా పోతుంది, కూర మాత్రం అంతకంటే త్వరగా ఉడకదు. కాబట్టి పొంగు రాగానే సిమ్‌లో పెట్టి మూత వేయండి. కుక్కరులో లోపల ఒత్తిడి ఉండడము వలన సుమారు 120 డిగ్రీల వరకు వెళుతుంది, అందుకే త్వరగా ఉడుకుతుంది. అయితే విజిల్ అనేది ఉడకడము కాదు, ఎక్కువైన ఆవిరి బయటికి పోవడము. "ఆరు విజిళ్ళు రానివ్వు" అని మనము చెప్పుకుంటాము. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, గడియారము చూచి కొన్ని నిమిషాలు ఉంచితే అదే పప్పు అంతే మెత్తగా ఉడుకుతుంది. ఆపిన తరువాత కూడా ఆవిరి దిగేంత వరకు లోపల ఉడుకుతూనే ఉంటుంది. కందిపప్పు అరగంట, శనగలు రాత్రంతా నానబెట్టడము మన పెద్దలకు తెలిసినదే. అన్నము గంజి వార్చకుండా అత్తెసరు పెట్టేవారు, నీరు ఇంకుతుండగానే మంట ఆపి మూత తీయకుండా ఉంచితే మిగతా ఉడుకు దానికదే పూర్తవుతుంది. గిన్నె అడుగు దాటి ప్రక్కలకు లేచే మంట గోడను వేడి చేస్తుంది గాని కూరను కాదు. చిన్న గిన్నెకు చిన్న పొయ్యి వెలిగించండి. మంట నీలముగా ఉండాలి. పచ్చగా వచ్చి గిన్నెకు మసి పట్టుతుంటే బర్నరు రంధ్రాలు మూసుకుపోయాయి, శుభ్రము చేయించండి.

గ్యాసు మంచిదా, ఇండక్షన్ పొయ్యి మంచిదా అని చాలామంది అడుగుతారు. 14.2 కిలోల సిలిండరు చేసే వంటను ఇండక్షన్ మీద చేయాలంటే సుమారు 130 యూనిట్లు పడతాయి. మీ బిల్లులో పై మెట్టు ధరను 130తో గుణించండి, సిలిండరు ధర ప్రక్కన పెట్టండి. 4 రూపాయల 80 పైసల మెట్టు మీద ఉన్నవారికి 624 రూపాయలు అవుతుంది. 8 రూపాయల 75 పైసల మెట్టు మీద 1137 దాటుతుంది. ఇండక్షన్ కొనగానే మీ ఇల్లు 200 దాటుతుందేమో అది కూడా చూచుకోవాలి. ఒకరికి లాభమైనది ప్రక్కింటివారికి నష్టము కావచ్చు.

ఇంటి పైకప్పు సంగతి మనము మరచిపోతాము. పగలంతా ఎండ త్రాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోనికి వదులుతుంది. వేసవి ముందు డాబా మీద తెల్ల సున్నము వేయించండి. ఎండ తిరిగి వెళ్ళిపోతుంది, క్రింద గదిలో కొన్ని డిగ్రీల తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానము అని ప్రకటించింది, అందులోని సూత్రము కూడా ఇదే. పూర్వము వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. ఇప్పటికీ పనిచేస్తాయి. ఉదయము తొమ్మిదింటికల్లా పడమటి, తూర్పు కిటికీలకు తెరలు వేసి, చీకటి పడిన తరువాత తెరవండి. సొంత డాబా ఉన్నవారు సౌర పలకల గూర్చి కూడా విచారించండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకములో ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేక అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ పెట్టారు. ఒక కిలోవాటు పలకలు నెలకు సుమారు 100 నుండి 120 యూనిట్లు ఇస్తాయి. నెలకు 100 యూనిట్లు వాడే చిన్న ఇంటికి ఇది తొందరపడవలసిన విషయము కాదు. 300 దాటినవారు తప్పక లెక్క వేసుకోవాలి.

మందిర కమిటీలలో ఉన్న సహోదరులకు ఒక మాట. మందిరపు బిల్లు మీద కేటగిరీ ఏమని ఉన్నదో చూడండి. మత సంబంధమైన స్థలాలకు రెండు రాష్ట్రాలలోనూ వేరే కేటగిరీ ఉన్నది. కట్టిన కొత్తలో తీసుకున్న వ్యాపార కనెక్షన్ అలాగే కొనసాగుతుంటే మార్పించుకోవచ్చు. ఆరాధన అయిపోయిన తరువాత సౌండ్ పెట్టె గోడ స్విచ్ దగ్గర ఆపే బాధ్యత ఒక యౌవనస్థునికి అప్పగించండి.

ఇంతకూ అమ్మమ్మగారి ఇంటి సంగతి చెప్పలేదు కదా. ఆ ఉదయమే కుమారుడు బజారుకు వెళ్ళి 9 వాట్ల బల్బు తెచ్చాడు. సెట్‌టాప్ బాక్సు గోడ స్విచ్ దగ్గర ఆపడము మనవరాలి పని అయ్యింది. ఫ్రిజ్ రబ్బరుకు కాగితము పెట్టి చూశాము, క్రింది మూల వదులైపోయింది, అదీ మార్పించారు. జూన్ బిల్లు 193 యూనిట్లు అని ఫోను చేసి చెప్పారు. కట్టవలసినది సున్నా.

డిసెంబరులో మళ్ళీ వెళ్ళాను. వాకిట్లో నక్షత్రము వెలుగుతున్నది, లోపల కొత్త బల్బే. అమ్మమ్మగారి గదిలో ఫ్యాను తిరుగుతున్నది గాని ఒకటో నంబరులో. చలికాలమైతే ఏమి, ఆమెకు ఇంకా నమ్మకము కుదరలేదు. తీరా చూస్తే గోడ మీద రెగ్యులేటరు పాత పెద్ద పెట్టె రకము, చేయి పెడితే కాలుతున్నది. ఆ రకములో వేగము తగ్గినంతగా కరెంటు తగ్గదు, మిగిలినది ఆ పెట్టెలోనే వేడిగా పోతుంది. చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టించమని కుమారునితో చెప్పాను. "అది కూడా మీటరు చూచి చెప్పాలా అయ్యగారూ?" అని అమ్మమ్మగారు అడిగారు. "లేదమ్మా, దీనికి చేత్తో ముట్టుకుంటే చాలు" అన్నాను.